చప్పుడు పడకుండా

జెసింతా పియానో పైమూత ఎత్తి, లోపలి తంతులకూ వాటిని కొట్టే చిన్న సుత్తులకూ మధ్య ఫ్లానెల్ గుడ్డ పట్టీ జొనుపుతోంది. పాత లంగా ఒకటి చించి, అంచులు మడిచి కుట్టుకున్న పట్టీ అది. ఆ కొస నుంచి ఈ కొసకు వేళ్ళతో నెమ్మదిగా లాక్కుంటూ రావాలి. ఎక్కడ ముడత పడితే అక్కడి స్వరం మూగబోతుంది. సరిగ్గా అమరిందంటే మాత్రం, చెదలు తిన్న కాళ్ళ ఆ పాత పెట్టెలోంచి కూడా దుమ్ములో చినుకు పడ్డంత మెత్తగా శబ్దం వస్తుంది.

బెంగళూరు రైలు వెళ్ళిపోయింది. దానితోపాటే లైన్లలో, అంటే పాత గని కార్మికుల ఇళ్ళ వరసల్లో, ఉన్న సగం జనం వెళ్ళిపోయారు. బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో చీకటితో లేచే ప్రతివాడూ ఆ రైలు కోసమే లేస్తాడు. రైలు పోయాక, ఇళ్ళల్లో కుక్కర్లు కూత పెట్టేలోగా కాసేపు ఊరంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. జెసింతా రికార్డు చేసుకునేది ఆ సందులోనే.

ఆమెకు యాభై ఆరేళ్ళు. సన్నటి మనిషి, వేళ్ళ కణుపులు మాత్రం ఉబ్బి, చేతులు మరెవరివో తెచ్చి అతికించినట్టు ఉంటాయి. రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న బడిలో పొద్దున ప్రార్థనకూ, ఆ తరువాత పసిపిల్లల పాటలకూ వాయిస్తుంది. ఆదివారం చర్చిలో వాయిస్తుంది. పెళ్ళి రెండుసార్లు కుదిరి తప్పిపోయింది. మూడోసారి అడిగేవాళ్ళు మిగల్లేదు. ఆమె గురించి చెప్పమంటే లైన్లలో ఎవరైనా "ఆ పియానో టీచరమ్మ" అని ఆగిపోతారు.

తండ్రి గనిలో వైండింగ్ డ్రైవరు. షాఫ్టులోకి మనుషులను దించే ఇనప బోనును నడిపే పని. గని అధికారుల బంగళాలో సామాను అమ్మేసినప్పుడు పియానోను ఎడ్లబండి మీద తెచ్చింది ఆయనే. ఆయనకు సంగీతం తెలియదు. కూతురు వాయిస్తుంటే గోడకు ఆనుకుని కూర్చుని ఒకే మాట చెప్పేవాడు: "బోను కదిలినట్టు లోపలున్నోనికి తెలీకూడదు పాపా. ఆగినట్టు కూడా తెలీకూడదు." ఆ మాట ఆమె చేతుల్లో ఉండిపోయింది. ఆమె పాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో వినేవాళ్ళకు తెలియదు. చర్చిలో అది తప్పు. పాస్టరు గారు కొంచెం గట్టిగా వాయించమని ఎన్నోసార్లు చెప్పారు. అది గుణమని చెప్పినవాడు మునిశంకర్ ఒక్కడే.

మునిశంకర్ కామసముద్రం దగ్గరి రైతు. రెండెకరాల రాగిచేను, నాలుగు పాడి ఆవులు, ఒక గదిలో పట్టుపురుగులు. డైరీకి పోయగా మిగిలిన పాలను మోపెడ్ మీద తెచ్చి లైన్లలో పోసేవాడు. ఒకనాడు పాలు పోసి కూడా పోకుండా గుమ్మంలో నిలబడిపోయాడు. "టీచరమ్మా, ఇంగొక్కసారి వాయిస్తారా? మా యమ్మకి నిద్ర పట్టదు. ఏనుగులొచ్చినాయని టపాసులు కాలస్తారు కదా, అప్పట్నుంచి గుండె అదురు. ఫోన్లో పట్టుకోని పోయి వినిపిస్తాను" అన్నాడు. మర్నాడు పొద్దున వచ్చి పాల చెంబు పట్టుకునే ముందు రెండు చేతులూ జోడించాడు. వాళ్ళమ్మ మునివెంకటమ్మ తెల్లారేదాకా నిద్రపోయిందట.

అలా మొదలైంది. అతను పట్టుపురుగులు మల్బరీ ఆకు తినడం ఫోనులో తీసి, దాని మీద ఆమె పాట పెట్టి యూట్యూబ్‌లో వేశాడు. తరువాత క్యాసంబళ్ళి సంతలో బుట్టలు అల్లే చేతులు, మామిడితోపులో ఎండ, పాలపొంగు, గని వ్యర్థం పోసిన సైనైడ్ దిబ్బల మీద గాలి ఇసుకను జరపడం. ఎక్కడెక్కడి వాళ్ళో విన్నారు. నిద్రపట్టని వాళ్ళు, పరీక్షలకు చదివేవాళ్ళు, ఆస్పత్రుల్లో మంచం పక్కన కూర్చున్నవాళ్ళు. వాళ్ళు రాసినవన్నీ అతను గుమ్మంలో నిలబడి చదివి వినిపించేవాడు. ఆమెకు వాటికంటే అతని కెమెరా నడకే ఆశ్చర్యం. తన పాట ఎక్కడ ఒదిగితే బొమ్మ అక్కడ ఒదిగేది, పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటే బొమ్మ అక్కడ ఆగేది. ఇది ఎట్లా చేస్తావని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

నిన్న వెళ్తూ చెప్పాడు: "మొన్న మీరిచ్చిన కొత్త పాటకి రాగిచేను తీస్తానమ్మా. ఎన్ను ముదిరింది, మంచు పడతాంది. రేపు పొద్దున్నే తీసి, ఆమీట పాలు తెస్తాను. రొంత ఆలీసమైతాది."

అందుకే ఆలస్యమైనా జెసింతా కంగారు పడలేదు. రెండో శనివారం, బడి లేదు. పట్టీ అమర్చింది. ఎడమచేత్తో నాలుగు స్వరాలు తిప్పి తిప్పి వాయించి చూసింది. గిన్నె కడిగి పాల కోసం గుమ్మం పక్కన పెట్టింది. పక్కింట్లో కుక్కరు కూసింది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

ఫోను మోగింది. మునిశంకర్ పేరే.

"ఏమప్పా శంకరా, ఎన్ను బాగా పడిందా?" అంది.

అవతల ఎవరో మగమనిషి ఊపిరి. ఎగశ్వాసగా ఉంది. "అమ్మా... నేను చిన్నన్నని. శంకరుని అన్నని. ఈ ఫోన్లో ఆఖరుగా మాట్లాడింది మీతోనే అని ఉండాది, అందుకని చేసినాను. ఏనుగు తొక్కేసిందమ్మా వాణ్ణి."

"ఏ ఏనుగు?" అని అడిగింది జెసింతా.

ఎందుకలా అడిగిందో ఆమెకు ఆ తరువాత ఎంత ఆలోచించినా తెలియలేదు. ఏ ఏనుగో తెలిస్తే దానితో మాట్లాడి రావచ్చన్నట్టు అడిగింది. చిన్నన్న కూడా తడుముకోకుండా జవాబు చెప్పాడు: "ఒంటిదమ్మా. మందలోనుంచి తప్పిపోయింది. నిన్న ఆ పక్క తమిళనాడు అడవిలోనుంచి దిగింది." అంతవరకు చెప్పి అతను బావురుమన్నాడు.

ఆమె ఫోను పియానో మీద పెట్టింది. పైమూత తెరిచే ఉంది. పట్టీని తీసి మడత పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వెళ్ళి పొయ్యి ఆర్పింది. ఆరిపోయి ఉన్న పొయ్యిని వెలిగించి ఆర్పింది. గుమ్మం పక్కన ఖాళీ గిన్నె తళతళలాడుతోంది. దాన్ని చూడగానే తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

నాలుగిళ్ళ అవతల జెరోమ్ ఆటో తుడుచుకుంటున్నాడు. ఆమె ముఖం చూసి గుడ్డ కింద పడేశాడు.

"ఏమైంది టీచర్?"

"కామసముద్రం పోవాల."

"అంత దూరమా? బంగారుపేటలో బస్సెక్కితే..."

"మన పాలాయన సచ్చిపోయినాడు జెరోమ్," అంది. ఆ మాట తన నోట్లోంచి రావడం విని తనే ఉలిక్కిపడింది.

జెరోమ్ ఆటో స్టార్ట్ చేశాడు. బంగారుపేట రైలు గేటు దగ్గర ఆటో ఆగింది. చుట్టూ స్కూటర్లు, కూరగాయల ఆటోలు, హారన్లు. అందరూ ఎక్కడికో వెళ్తున్నారు. వేరుసెనగలు అమ్మే మనిషి ఆటోలోకి తల పెట్టి పొట్లం చూపించాడు. జెసింతా దాన్ని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. డబ్బు జెరోమ్ ఇచ్చాడు. ఊరు చేరేదాకా ఆ పొట్లం ఆమె ఒళ్ళోనే వెచ్చగా ఉంది.

"జెరోమ్, ఏనుగు నడిస్తే చప్పుడు కాదంటారు. నిజమేనా?"

"అంత లావు జంతువు, చప్పుడు కాకుండా యాడ నడస్తాది టీచర్?"

"అదే నేనూ అనుకుంటాండాను," అంది ఆమె. "ఆకు మీద పురుగు పాకితే వినేవాడు. అంత లావు జంతువు వస్తే వినపడదా?"

ఊరి మొదట్లోనే జనం. ఫారెస్టు జీపు, పోలీసు జీపు, రోడ్డుకు అడ్డంగా కూర్చున్న రైతులు. ఎవరో అధికారి మీద అరుస్తున్నారు. శవాన్ని అప్పటికే ఆస్పత్రికి పంపేశారు, మధ్యాహ్నం దాటాక వస్తుందన్నారు. ఆమె ఇంతవరకూ ఆ ఇంటికి రాలేదు. వీడియోల్లో చూసిన గోడలను గుర్తుపట్టి, అడగకుండానే నడుచుకుంటూ వెళ్ళింది. పట్టుపురుగుల గది, దాని పక్కన ఆవుల పాక, రాతిస్తంభాల వసారా. వీడియోల్లో ఎంతో ప్రశాంతంగా ఉండే వసారా అది. ఇప్పుడు నిండా ఆడవాళ్ళు, ఏడుపు. పాలు పిండక ఆవులు అరుస్తున్నాయి.

మునివెంకటమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కొడుకు పోయాడని చెప్పారు కానీ ఆమె లోపలికి ఆ మాట దిగినట్టు లేదు. జెసింతాను చూసి, "ఎవురమ్మా నువ్వు?" అంది.

"పియానో టీచర్నమ్మా."

"నువ్వేనా!" అని ముసలామె ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళన్నీ తడిమి చూసి కళ్ళకద్దుకుంది. "ఈ చేతులేనా!"

మునిశంకర్ భార్య ప్రేమ తలుపు దగ్గర నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళ మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఆరిపోయి ఎర్రగా ఉన్నాయి. జెసింతా లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. 

"టీచరమ్మా," అంది ప్రేమ. కోపం లేదు, కన్నీళ్ళు లేవు, గొంతు చదునుగా ఉంది. "చెవుల్లో మీ పాట పెట్టుకోనుండాడు. తీసేటప్పుడు ఎప్పుడూ పెట్టుకుంటాడు. పాట వింటా తీస్తే చెయ్యి పాటతో పోతాదంటాడు. మా బావ చిన్నన్న మంచె మీదినుంచి గొంతు చినిగేట్టు అరిసినాడంట. టపాసు కూడా కాల్చినాడంట. వినపళ్ళేదు."

జెసింతా నిలబడే ఉంది. వసారాలోని ఏడుపు ఒక్కసారిగా దూరమైపోయింది, నీళ్ళలో మునిగినవాళ్ళకు ఒడ్డున మాటలు వినబడినట్టు. టపాసు వినబడకుండా చేసే పాట. బోను దిగినట్టు లోపలున్నవాడికి తెలియదు. ఆమె తన చేతులను చూసుకుంది. ఇప్పుడే ఎవరో వాటిని కళ్ళకద్దుకున్నారు.

"నా..." అంది. 

అప్పుడే మునేష్ గుంపును తోసుకుంటూ వచ్చాడు. ప్రేమకు వరసకు తమ్ముడు, బంగారుపేటలో మొబైల్ కొట్టు. "అక్కా, బావ ఫోన్లో అంతా రికార్డయిందంట. చిన్నన్న ఎత్తుకొచ్చేదాకా నడస్తానే ఉండిందంట. టీవీ వాళ్ళు రోడ్డు మీద కాసుకోనుండారు. ఇస్తే మన ఊరి సంగతి బెంగళూరు విధానసౌధ దాకా పోతాది. ఏటా ఒకరు సస్తాంటే ఎవురికీ పట్టింది లేదు కదా?"

ప్రేమ కొంగుముడి విప్పి ఫోను తీసింది. మునేష్ చేయి చాపాడు. ఆమె అతణ్ణి దాటి ఫోనును జెసింతా చేతిలో పెట్టింది.

"మీరు చూడండి టీచరమ్మా. నా చేత కాదు. వాళ్ళెవురూ చూసే ముందర మీరు చూసి, ఆయన అరిసినాడా, ఎవుర్నైనా పిలిసినాడా, అది నాకు చెప్పండి. సాలు."

కాదనడానికి తనకు హక్కు లేదనిపించింది జెసింతాకు. పట్టుపురుగుల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. చీకటి, ఆకు వాసన. తట్టల్లో వేలకొద్దీ పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు, బయట సన్నటి వాన పడుతున్నట్టు. యజమాని చచ్చిపోయిన రోజు కూడా ఎవరో వాటికి ఆకు వేశారు. ఆమె నేల మీద కూర్చుని ఫోను నొక్కింది.

మంచు. దాని వెనక రాగిచేను, ముడుచుకున్న పిడికిళ్ళలాంటి ఎన్నులు, ఒక్కోదాని మీద నీటిబొట్లు. బొమ్మ నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి జరుగుతోంది. దగ్గరలో ఏదో సన్నటి ధ్వని. మొదట ఆమెకు అర్థం కాలేదు. మునిశంకర్ కూనిరాగం తీస్తున్నాడు. ఆమె కొత్త పాటే. చెవుల్లో వింటూ, తనకు తెలియకుండానే, గొంతులోనే తీస్తున్నాడు. అతనికి గొంతు ఉందని ఆమెకు తెలియదు.

దూరంగా ఎవరో "శంకరా!" అన్నారు. ఆ దూరానికి అది కూడా పొద్దుటి పల్లె చప్పుళ్ళలో ఒకటిలాగే ఉంది. కూనిరాగం ఆగలేదు. ఏదో పేలింది, పిట్టలు లేచాయి, బొమ్మ వణకలేదు. మళ్ళీ "ఒరే శంకరా!" ఆమె తన ఫోను కాని ఆ ఫోనును పట్టుకుని, "వెనక్కి తిరగప్పా, చెవుల్లోవి తియ్యి" అంటోంది. పైకే అంటోంది. గాలి లేకుండానే ఓ పక్క ఎన్నులు కదిలాయి.

కూనిరాగం ఆగింది. "ఓ" అన్నాడు. అంతే. దారిలో తెలిసినవాళ్ళు ఎదురైతే అన్నట్టు, చిన్నగా. ఫోను బిగించిన స్టాండు ఒక్కసారి అదిరి నిలబడింది. ఏ కేకా లేదు. మెత్తటి దేనిమీదో బరువైనది దిగిన చప్పుడు ఒకటి, అంతే.

తరువాత అది బొమ్మలోకి వచ్చింది. బూడిదరంగు వీపు, చిరిగిన చెవి. దానికి కోపం ఉన్నట్టు కూడా లేదు. చేలో నాలుగడుగులు వేసి, తొండంతో గుప్పెడు ఎన్నులు తెంపి, నోట్లో పెట్టుకుని నములుతూ మంచులోకి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు లేదు. నిజంగానే లేదు. దాని వెనకాల ఎన్నులు మెల్లగా లేచి నిలబడ్డాయి. మంచులోంచి పచ్చగా వెలుతురు వచ్చింది. నీటిబొట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. మనుషులు పరుగెత్తుకుంటూ వచ్చేదాకా చేను అలాగే ఉంది, నిశ్చలంగా, అందంగా.

అతను తీసినవాటన్నిటిలోకీ అదే గొప్పది. ఆ సంగతి తోచింది జెసింతాకు. ఫోనును బోర్లా పెట్టి, రెండు చేతులతో నోరు మూసుకుని, పురుగుల చప్పుడులో కూర్చుండిపోయింది.

బయటికి వచ్చేసరికి ప్రేమ తలుపు అవతలే ఉంది. ఆమె ముఖంలోకి చూసింది.

"అరవలేదమ్మా," అంది జెసింతా. "ఎవుర్నీ పిలవలేదు. పాడుకుంటా ఉండాడు. పాడుకుంటానే పోయినాడు. భయపడేదానికి కూడా పొద్దు చాల్లేదు."

ప్రేమ గోడకు నుదురు ఆనించింది. "పాడుకుంటాడా ఆయన?" అంది. "నాకెప్పుడూ వినిపించల్యా."

"నాకూ తెలీదమ్మా."

మునేష్ మళ్ళీ చేయి చాపాడు. "అక్కా, టీవీ వాళ్ళు పోయేట్టుండారు. ఊరికోసరమే కదా అడగతాండేది."

"ఆయన సావు చూపిస్తే గానీ తెల్దారా వాళ్ళకి?" అంది ప్రేమ. ఫోను తీసుకుంది. బొమ్మ చూడకుండా పక్కకు తిరిగి, "తుడిసేసేదానికి యాడ నొక్కాల?" అని అడిగింది. మునేష్ రోడ్డు వైపు చూశాడు. చివరికి వాడే చూపుడువేలితో చోటు చూపించాడు. ఆమె నొక్కింది. వాడు ముంజేతితో ముఖం తుడుచుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

శవం వచ్చింది. తెల్లగుడ్డలో చుట్టి కుట్టేశారు, ముఖం మాత్రం కనిపిస్తోంది. ముఖానికి ఏమీ కాలేదు. చేను పక్కనే గుంత తీశారు. అందరితోపాటు జెసింతా కూడా గుప్పెడు మట్టి వేసింది. తన ప్రార్థన తను పెదవుల్లోనే చెప్పుకుంది. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

పొద్దు వాలింది. వెళ్ళొస్తానని చెప్పడానికి మునివెంకటమ్మ ముందు కూర్చుంటే ముసలామె మళ్ళీ ఆ చేతులే పట్టుకుంది. "అమ్మా, వాడు లేడంటాండారు. రాత్రికి ఆ పాట నాకెవురు పెడతారు?"

వసారాలో ఆడవాళ్ళు అటూ ఇటూ చూశారు. జెసింతా తల ఎత్తలేకపోయింది. ఆ పాట ఈ ఇంట్లో ఇంకెవరూ ఎన్నటికీ వినకూడదని, తను ఇంటికి వెళ్ళగానే పియానో మూత వేసి తాళం పెట్టాలని అనుకుంటూ ఉంది. ప్రేమ స్తంభం దగ్గర నుంచి కదల్లేదు. మాట మాత్రం వచ్చింది.

"నేను పెడతాలే అత్తా."

జెరోమ్ ఆటో తిప్పి నిలిపాడు. ఎక్కబోయే ముందు జెసింతా చిన్నన్నను అడిగింది, ఆ చోటు చూడొచ్చా అని. ఫారెస్టు వాచరు ఒకడు కట్టె పట్టుకుని ముందు నడిచాడు. చిన్నన్నకు గొంతు పూర్తిగా పోయింది, గుసగుసగా మాట్లాడుతున్నాడు. చేలో ఒకచోట ఎన్నులు పడిపోయి, మట్టి చదునై ఉంది. ఆమె అక్కడిదాకా పోలేక గట్టు మీదే ఆగిపోయింది.

గట్టు మీద గడ్డిలో రబ్బరు చెప్పుల జత ఉంది.

"వానివే," అన్నాడు చిన్నన్న. "చేలో దిగేటప్పుడు విడిచేస్తాడమ్మా. అడుగుల చప్పుడు పాటలో పడతాదంట." వంగి తీయబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు. అతనికి మనసు రాలేదు. ఆమె తీయలేదు. వాచరు "పొద్దు పోతాంది, పదండి" అన్నాడు.

మడమల దగ్గర అరిగి పలచబడ్డాయి. ఒకదాని పట్టీ తెగితే ఇనప తీగతో కట్టి ఉంది. వచ్చేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా, పక్కపక్కన సరిగ్గా సర్ది, రెండూ ఇంటి వైపుకు తిప్పి పెట్టి ఉన్నాయి.